దగ్గు, బ్రాంకైటిస్‌కు తైలాలు వాడేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

రాష్ట్రంలో చాలా చోట్ల చలి మొదలయ్యే వేళకు మా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అసలు వానలు పడతాయి. నవంబరు, డిసెంబరు మాకు వాయుగుండాల కాలం. ముసురు పట్టిన మూడో రోజు నుంచి నా మందుల షాపు ముందు దగ్గే దగ్గు. సిరప్ తీసుకున్న చేత్తోనే ఒక తైలం సీసా కూడా ఇమ్మంటారు. డబ్బులిచ్చి, మెట్టు దిగి, మళ్ళీ వెనక్కి తిరిగి ఒక ప్రశ్న వేస్తారు. కావలిలో ఇరవై రెండేళ్ళుగా కౌంటర్ వెనక నిలబడి విన్న ఆ ప్రశ్నలే ఇవి. నేను ఫార్మసిస్టును, డాక్టర్ని కాదు. డాక్టర్ దగ్గరికి పొమ్మని రాసిన చోట పోవాల్సిందే.

బ్రాంకైటిస్ అంటే నెమ్మేనా అన్నా?

'నెమ్ము చేసింది' అని ఇళ్ళలో అనే మాటలో రెండు మూడు జబ్బులు కలిసిపోయి ఉంటాయి. ఊపిరితిత్తుల్లోకి గాలి తీసుకుపోయే గొట్టాలు వాచి, లోపల జిగురు ఊరి, దాన్ని బయటికి నెట్టడానికి దగ్గు వస్తుంటే అది బ్రాంకైటిస్. గొట్టాలు దాటి ఊపిరితిత్తి లోపలి గాలి తిత్తులకే ఇన్ఫెక్షన్ పాకి, చీము నీరు చేరితే న్యుమోనియా. మొదటిది ఎక్కువగా వైరస్‌తో వస్తుంది, దానంతటదే పోతుంది. అయితే జ్వరం నాలుగు రోజుల్లో తగ్గినా దగ్గు రెండు మూడు వారాలు సాగుతుంది. ఈ సంగతి తెలియకే వారం తిరక్కుండా ముగ్గురు డాక్టర్లను మార్చేస్తారు. కింద చెప్పే తైలాలన్నీ మొదటిదానికే, అదీ కాస్త హాయి కోసమే. న్యుమోనియా పట్టిన మనిషికి నూనె రాస్తూ కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది.

రాయగానే ముక్కు తెరుచుకుంటుంది కదా, అంటే పని చేస్తున్నట్టే కదా?

తెరుచుకున్నట్టు అనిపిస్తుంది. పిప్పరమెంటు పువ్వు, అంటే మెంథాల్, ముక్కులో చల్లదనాన్ని పసిగట్టే నరాలను తడుతుంది. చల్లగాలి బాగా ఆడుతోందని అవి మెదడుకు కబురు పంపిస్తాయి. పరికరం పెట్టి కొలిస్తే ముక్కు అంతకుముందు ఎంత మూసుకుందో అప్పుడూ అంతే ఉంటుంది.

అయినా నేను దాన్ని తీసిపారేయను. 2010లో అమెరికాలో దగ్గు, జలుబు ఉన్న 2 నుంచి 11 ఏళ్ళ పిల్లల మీద ఒక పరీక్ష చేశారు. కొందరికి కర్పూరం, మెంథాల్, నీలగిరి తైలం కలిసిన రుద్దుడు మందు రాశారు, కొందరికి ఉత్త వ్యాజలైన్, మిగతావాళ్ళకు ఏమీ రాయలేదు. మందు రాసిన పిల్లలు ఆ రాత్రి మెరుగ్గా నిద్రపోయారని తల్లిదండ్రులు చెప్పారు. చర్మం మంట కూడా ఆ పిల్లల్లోనే ఎక్కువ కనిపించింది. దగ్గుతో ఇల్లంతా మేలుకునే రాత్రి రెండు గంటల నిద్ర పట్టినా గొప్పే. జబ్బు రోజులు మాత్రం నూనెతో తగ్గవు.

నీలగిరి తైలం మన జామాయిల్ చెట్టుదేనా? ఆకులు కోసుకొచ్చి ఉడకబెట్టుకోవచ్చా?

రెండూ ఒకే కుటుంబం చెట్లు. షాపులో దొరికే తైలం ఎక్కువగా ఊటీ వైపు కొండల మీద పెరిగే రకం నుంచి తీస్తారు, అందుకే ఆ పేరు. మన ఒంగోలు, కందుకూరు వైపు కాగితం మిల్లుల కోసం సుబాబుల్‌తో పాటు వేసే జామాయిల్ వేరే రకం. ఆ ఆకు నలిపినా అదే ఘాటు వస్తుంది, కాకపోతే నూనె పాళ్ళు తేడా. నాలుగు ఆకులు కడిగి వేడి నీళ్ళలో వేసుకుని పెద్దవాళ్ళు ఆవిరి పట్టుకుంటే నష్టం లేదు. ఆ నీళ్ళు తాగొద్దు. పురుగుమందు కొట్టిన చేను పక్క చెట్టయితే అసలు ముట్టుకోవద్దు. ఈ ముక్క ఎవరూ అడగరు, నేనే చెప్తుంటాను.

ఛాతీకి రాసుకోవాలంటే ఎంత కలపాలి?

రెండు టీస్పూన్ల కొబ్బరినూనెకో నువ్వుల నూనెకో నాలుగు చుక్కల నీలగిరి తైలం. రెండు టీస్పూన్లంటే 10 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కలంటే సుమారు 0.2 మిల్లీలీటర్లు, అంటే రెండు శాతం. పెద్దవాళ్ళకు అది చాలు. 'అంతేనా? ఘాటే తెలీదే' అంటారు. ఘాటు తెలిస్తేనే మందనుకోవడం మనకు అలవాటు. మూత తీసి సీసాను ఛాతీ మీద ఒంపేసుకుని, తెల్లారి బొబ్బలతో వచ్చినవాళ్ళను చూశాను.

మొదటిసారి అయితే మోచేతి మడత దగ్గర కొంచెం రాసి ఒక రోజు ఆగండి. దురద, ఎరుపు లేకపోతే ఛాతీకి, వీపుకు రాసుకోండి. ముక్కు రంధ్రాల్లో, కళ్ళ దగ్గర, పుండ్ల మీద వద్దు. రాసిన తరవాత పైన వేడి నీళ్ళ సంచి పెట్టడం, బిగించి గుడ్డ కట్టడం కూడా వద్దు, నూనె చర్మంలోకి మరీ ఎక్కువగా దిగుతుంది. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే బిడ్డను ఎత్తుకోండి.

మా అమ్మమ్మ కొబ్బరినూనెలో కర్పూరం కాచి రాసేది. మా బిడ్డకు ఐదు నెలలు. రాయొచ్చా?

వద్దమ్మా.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడమే నాకు అన్నిటికన్నా కష్టం. అడిగే అమ్మాయి పక్కనే వాళ్ళ అమ్మమ్మో అత్తో నిలబడి ఉంటుంది. 'మీరందరూ ఆ నూనెతోనే పెరిగారబ్బయ్యా' అంటుంది. నిజమే, నేనూ అలాగే పెరిగాను. చిన్న స్టీలు గిన్నెలో నూనె, పొయ్యి మీద నుంచి దించాక అందులో రెండు బిళ్ళలు, కరిగేదాకా వేలితో తిప్పడం, ఆ వేలే ముందు తన చెంపకు ఆనించి చూసుకుని తరవాత నా ఛాతీకి రాయడం. మా నాయనమ్మ గుర్తొస్తే ఆ వాసనే గుర్తొస్తుంది.

కానీ కర్పూరం చర్మం గుండా లోపలికి పోతుంది, పీలిస్తే ఊపిరిలోకి పోతుంది, నోట్లోకి పోతే ఇంకా వేగంగా ఎక్కుతుంది. పసివాళ్ళ కాలేయం దాన్ని విరిచేయలేదు. అది మెదడుకు ఎక్కితే ఫిట్స్ వస్తాయి. రెండేళ్ళ లోపు పిల్లలకు ఒక గ్రాము కడుపులోకి పోయినా ప్రాణాపాయమే. ఇంట్లో కాచే నూనెలో ఎంత ఉందో ఎవరు కొలిచారు? 20 గ్రాముల నూనెలో 5 గ్రాముల బిళ్ళలు కరిగిస్తే అది ఇరవై శాతం. అమెరికాలో 1980ల్లోనే అంత గాఢత ఉన్న కర్పూరపు నూనె అమ్మకాన్ని ఆపేశారు, పైపూత మందుల్లో పదకొండు శాతం దాటకూడదని గీత గీశారు. మన గిన్నెకు ఏ గీతా లేదు. పైగా ఇప్పుడు ఇళ్ళలో వాడేది పూజకు హారతి ఇచ్చే బిళ్ళ. దాన్ని ఒంటికి రాయడానికి చేయలేదు.

ఇంకో ముక్క. జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా పుట్టే పిల్లలుంటారు. కర్పూరం, మెంథాల్, బట్టల్లో పెట్టే నాఫ్తలీన్ ఉండలు వాళ్ళ ఎర్ర రక్తకణాలను పగలగొట్టి కామెర్లు తెస్తాయి. ఎవరికి తక్కువో ముఖం చూసి చెప్పలేం.

అమ్మమ్మగారి మాట పోకుండా ఒక దారి చెప్తాను: కర్పూరం మానేసి ఉత్త కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి, అలాగే చెంపకు ఆనించి చూసి, బిడ్డ వీపుకు మెల్లగా రాయమనండి. బిడ్డకు హాయినిచ్చేది ఆ చెయ్యే.

మరి ఏ వయసు నుంచి రాయొచ్చు?

విక్స్ లాంటి కర్పూరం, మెంథాల్ కలిసిన డబ్బాల మీదే రాసి ఉంటుంది, రెండేళ్ళ లోపు వద్దని. రెండు నుంచి ఆరేళ్ళ వరకు కొంచెం, ఛాతీకి వీపుకే, డబ్బా మందే గానీ ఇంట్లో కలిపింది కాదు. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చిన పిల్లలకు ఏ వయసులోనూ వద్దు.

స్నానం పోసేటప్పుడు ముక్కులో రెండు చుక్కల నూనె వేస్తే గళ్ళ ఊడొస్తుందంటారు?

మా వైపు పసిబిడ్డకు నీళ్ళు పోయడానికి వచ్చే పెద్దామె కాళ్ళు చాపి కూర్చుని, బిడ్డను కాళ్ళ మీద వేసుకుని, నలుగు పెట్టి, చివర్లో ముక్కులో, చెవుల్లో, మాడు మీద నూనె వేస్తుంది. మాడు మీద వేస్తే పోయేదేం లేదు. ముక్కులో మాత్రం వేయనివ్వద్దు. నీళ్ళు పొరపోతే దగ్గొస్తుంది. నూనె అలా కాదు, దగ్గు తెప్పించకుండానే జారి ఊపిరితిత్తుల్లోకి దిగిపోతుంది. అక్కడ అరగదు, పేరుకుంటుంది. దాని వల్ల వచ్చే న్యుమోనియాకు యాంటీబయాటిక్ పని చేయదు. దగ్గు తగ్గాలని వేసిన నూనే నెలల తరబడి దగ్గు తెచ్చిపెడుతుంది.

ముక్కు దిబ్బడ వేస్తే ఉప్పునీటి చుక్కలు, సెలైన్ డ్రాప్స్, చవగ్గానే దొరుకుతాయి. పాలు పట్టే ముందు వేయండి.

ఆముదం పట్టిస్తే? వేపనూనె పట్టిస్తే?

పసిపిల్లలకు ఆముదం పట్టినా ఇదే గొడవ: ఏడుస్తుంటే ముక్కు మూసి పోస్తారు, అది పొరపోతుంది. ఇక వేపనూనె ఇంకా ప్రమాదం. పసివాళ్ళ నోట్లో పోస్తే వాంతులు, మగత, ఫిట్స్ వచ్చి, కాలేయం, మెదడు దెబ్బతిన్న కేసులు వైద్య పుస్తకాల్లో ఉన్నాయి.

చక్కెర మీద రెండు చుక్కల నీలగిరి తైలం వేసి మింగమన్నారు...

మింగొద్దు. జర్మనీలో ఇదే తైలంలోని సినియోల్ అనే పదార్థాన్ని శుద్ధి చేసి, కొలిచి, పేగుల్లో కరిగే క్యాప్సూల్‌గా బ్రాంకైటిస్‌కు ఇస్తారు. ఈ సంగతి ఫోన్లో చూసి వచ్చి నాకు చూపించిన కుర్రాడు ఒకడున్నాడు. మన సీసా మీద 'పైపూతకు మాత్రమే' అని రాసి ఉంది నాయనా, ఆ క్యాప్సూల్, ఈ సీసా ఒకటి కావు అని చెప్పి పంపించాను.

అమృతధార కూడా తైలమేనా?

కర్పూరం, పిప్పరమెంటు పువ్వు, వాము పువ్వు మూడూ ఒక సీసాలో వేస్తే నీళ్ళు చుక్క పోయకుండానే కరిగి ద్రవమైపోతాయి, అదే అమృతధార. చూడ్డానికి చోద్యంగా ఉంటుంది గానీ, కర్పూరం గురించి పైన చెప్పిందంతా దీనికీ వర్తిస్తుంది. పిల్లలకు చుక్క కూడా వద్దు.

పిల్లాడు పొరపాటున తాగేస్తే ఏం చేయాలి?

ఇది మా ఇంట్లోనే జరిగింది. తప్పు నాదే. షాపులో పెద్ద క్యాను నుంచి ఇంటికని కాస్త నీలగిరి తైలం ఖాళీ దగ్గుమందు సీసాలో పోసి తీసుకెళ్ళాను. లేబులు కూడా చింపలేదు. మా చిన్నోడికి అప్పుడు మూడేళ్ళు. రాత్రి కరెంటు పోయింది, వాడు దగ్గుతున్నాడు. మా అమ్మ చీకట్లో తడిమి ఆ సీసా తీసి, మూత కొలతతో సగం పోసి నోట్లో వంచింది. వాడు సగం ఉమ్మేశాడు, సగం మింగాడు. గుక్క పెట్టి ఏడ్చాడు. పావుగంటకు ఏడుపు ఆగింది. నిద్రపోయాడని మా అమ్మ ఊపిరి పీల్చుకుంది. అది నిద్ర కాదు, మగత. తట్టి లేపితే కళ్ళు తెరిచి మళ్ళీ వాల్చేస్తున్నాడు, ఊపిరి నిండా తైలం వాసన. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. రాత్రంతా ఆక్సిజన్ చూస్తూ ఉంచుకుని, తెల్లారాక ఇడ్లీ అడిగాడని పంపించారు.

అప్పటి నుంచి నా జవాబు ఇది. వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్ళు, చింతపండు నీళ్ళు పట్టొద్దు, గొంతులో వేలు పెట్టొద్దు. వాంతిలో నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే రెండు జబ్బులవుతాయి. నోరు తుడిచి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేయండి. బాగానే ఉన్నాడు కదా, తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. ఫిట్స్ చెప్పకుండా వస్తాయి. చిన్నపిల్లలకు ఒక టీస్పూను కూడా ప్రాణాపాయం కావచ్చు. సీసా వెంట తీసుకుపోండి, ఏ నూనె ఎంత పోయిందో డాక్టరుకు తెలియాలి.

ఆవిరి పట్టేటప్పుడు తైలం ఎన్ని చుక్కలు వేయాలి?

పెద్దవాళ్ళయితే గిన్నెడు నీళ్ళకు రెండు చుక్కలు. కళ్ళు మూసుకోవాలి. పొయ్యి మీద ఉండగా కాదు, దించి, కదలని బల్ల మీద పెట్టి, ఐదారు నిమిషాలు. అసలు పని చేసేది తడి వెచ్చదనమే. రోజుకు రెండుసార్లకు మించితే ఎండిన గొంతు ఇంకా మండుతుంది.

పిల్లల్ని మాత్రం దుప్పటి కింద కూర్చోబెట్టొద్దు. వాడు ఉక్కిరిబిక్కిరై కాలు తన్నాడంటే మరిగే నీళ్ళు ఒళ్ళో పడతాయి. దగ్గు వారంలో పోతుంది, ఆ కాలిన మచ్చ పోదు.

నాకు ఉబ్బసం ఉంది. వాసన పీలిస్తే ఆయాసం తగ్గుతుందా?

కొందరికి ఘాటు వాసనే గొట్టాలు బిగుసుకునేలా చేస్తుంది. ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తుంటే తైలం పక్కన పెట్టి డాక్టర్ రాసిన ఇన్‌హేలర్ వాడండి. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని భయపడి తైలంతో నెట్టుకొచ్చి, అర్ధరాత్రి టెన్షన్‌తో షాపు షట్టర్ కొట్టేవాళ్ళు ప్రతి డిసెంబరులో ఉంటారు.

కడుపుతో ఉన్నవాళ్ళు?

కర్పూరం వద్దు, ఏ తైలమూ మింగొద్దు. మిగతావి మీ డాక్టరమ్మను అడిగాకే.

సాంబ్రాణి పొగ వేస్తే జలుబు రాదంటారు, నిజమా?

బాలింత గదికి తలుపులు మూసి సాంబ్రాణి వేస్తారు. ఏ పొగైనా పొగే. వాచిన గొట్టాలకు అది కారం చల్లినట్టే. దోమల చక్రం కూడా అంతే. తల ఆరబెట్టుకోవాలంటే పొడి తువ్వాలు చాలు.

టర్పెంటైన్ కలిసిన కర్పూర తైలం నడుముకు వాడతాం, ఛాతీకి రాయొచ్చా?

అది కండరాల నొప్పికి. ఛాతీకి రాసుకుని రాత్రంతా ఆ ఆవిరి పీలిస్తే ఊపిరి గొట్టాలు మండుతాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే అందే చోట ఆ సీసాయే ఉంచొద్దు.

మా తోటలో నిమ్మకాయలున్నాయి, తొక్క నూనె వాడొచ్చా?

గూడూరు, పొదలకూరు వైపు నుంచి వచ్చేవాళ్ళు అడిగే ప్రశ్న ఇది. పచ్చి తొక్క పిండిన నూనె రాసుకుని ఎండలోకి పోతే చర్మం కాలినట్టు నల్లబడుతుంది. వాసన కావాలంటే నీళ్ళలో తొక్క వేసుకోండి.

గళ్ళ పచ్చగా పడుతోంది, యాంటీబయాటిక్ ఇవ్వమంటారా?

రంగు చూసి ఇవ్వను. వైరస్‌తో వచ్చినా నాలుగో రోజుకు గళ్ళ పచ్చబడుతుంది. జ్వరం తగ్గి మళ్ళీ ఎక్కితే, ఊపిరి తీస్తే పక్కలో పొడిచినట్టుంటే, అప్పుడు డాక్టర్ చూసి రాయాలి. ఈలోపు ఏడాది దాటిన పిల్లలకు పడుకునే ముందు ఒక చెంచా తేనె ఇవ్వండి, దగ్గుకు నా మాటగా అది చాలా తైలాలకన్నా మేలు. ఏడాది లోపు తేనె వద్దు, బాట్యులిజం అనే జబ్బు భయం ఉంది. పెరట్లో అడ్డసరం చెట్టున్న ఇళ్ళు ఇప్పుడు తగ్గాయి. ఆ ఆకులోని పదార్థాన్ని చూసే బ్రోమ్‌హెక్సిన్ తయారు చేశారు, మీరు కొనే ఎర్ర సిరప్‌లో ఉన్నది అదేనేమో లేబులు చదివి చూడండి.

మా ఆయనకు ఆరు నెలలుగా దగ్గు, ఏ తైలమూ పట్టడం లేదు.

ఆయన ఏం పని చేస్తాడన్నది నా మొదటి ప్రశ్న. చీమకుర్తిలో గ్రానైట్ కోసేవాళ్ళు, సైదాపురం వైపు మైకా గనుల్లో చేసినవాళ్ళు, పొగాకు బ్యారన్ దగ్గర రాత్రిళ్ళు పొగలో ఉండేవాళ్ళు, బీడీ, చుట్ట వదలనివాళ్ళు, వీళ్ళ దగ్గు జలుబు దగ్గు కాదు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో గట్టిపడితే అది సిలికోసిస్, వెనక్కి రాదు. రెండు వారాలు దాటిన ఏ దగ్గుకైనా తెమడ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో టీబీ పరీక్ష, మందు రెండూ ఉచితం. తెమడలో రక్తపు చార కనిపిస్తే ఆ రోజే పోవాలి.

ఎప్పుడు తైలం ఆపి ఆసుపత్రికి పరుగెత్తాలి?

బిడ్డ నిద్రపోతుండగా చొక్కా ఎత్తి, పూర్తిగా ఒక నిమిషం పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో గడియారం చూసి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40. ఆ అంకె తాకినా దాటినా బయలుదేరండి. డొక్కలు లోపలికి పోతుంటే, పాలు తాగలేకపోతుంటే, పెదవులు నీలంగా ఉంటే లెక్కపెట్టడం కూడా వద్దు. పెద్దవాళ్ళకు మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చినా, మాటలు తడబడినా అంతే.

ఇన్ని వద్దులు చెప్పి మళ్ళీ తైలం ఎందుకు అమ్ముతున్నావన్నా?

ఇది మొన్న ఒక పెద్దామె అడిగింది. నేను అమ్మకపోతే లేబులు లేని సీసా ఇంకెక్కడో కొనుక్కుంటారు. అందుకే అమ్ముతాను. ఒక్క సీసాయే ఇస్తాను, తయారీ తేదీ చూపిస్తాను, ఇంట్లో రెండేళ్ళ లోపు బిడ్డ ఉన్నాడా అని అడుగుతాను. ఆమె సీసా తిప్పి చూసి, కళ్ళజోడు లేదని మనవరాలి చేతికిచ్చి చదవమంది. ఆ పిల్ల అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంటే వెనక నలుగురు లైనులో ఆగారు. 'చదవనీయండి' అన్నాను.